కురచ కాలి పైజామా

వాగుడుకాయ చెల్లాయికి,

నీ నోట్లో నువ్వుగింజ నానదని తెలిసే రాస్తున్నాను. ఈ ఒక్క మాట మాత్రం మీ బావ దాకా పోనివ్వకు. నేను కాలు తీయించుకోవాలనుకుంటున్నాను.

ఫోన్లో ఎప్పుడూ "బాగానే ఉన్నానే" అంటాను కదా, అది అబద్ధం. ఎడమకాలి నాళాలు పూడుకుపోయి పాదానికి రక్తం అందడం లేదు. పడుకుంటే నిప్పుల మీద పెట్టినట్టుంటుంది. అందుకని ఏడాదిగా కాలు వేలాడేసుకుని కుర్చీలోనే కునుకు తీస్తున్నాను. చిటికెనవేలు నల్లబడింది. నాళాలు తెరిచే ఆపరేషన్‌కి వీలుపడదట. డాక్టరమ్మ ఇంకో దారి చెప్పింది. నా తుంటి ఎముకలోంచి మూలకణాలు తీసి, కొత్త రక్తనాళాలను పెంచే జన్యువును ల్యాబులో వాటికి చేర్చి, తిరిగి నా పిక్కలోకే ఇంజెక్షన్లు ఇస్తారట. ఇంకా పరీక్షల దశలో ఉన్న వైద్యం. "మాట ఇవ్వలేనమ్మా, ప్రయత్నిద్దాం" అంది. మీ బావ ఎగిరి గంతేశారు. నాకు మాత్రం ఓపిక అయిపోయిందే. మళ్లీ ఆశపడి, మళ్లీ ఏడవడం నావల్ల కాదు. కుట్టుమిషన్‌కి మోటారు పెట్టించుకుంటే ఒంటికాలితో బట్టలు కుట్టలేనా? ఎల్లుండి డాక్టరమ్మకి చెప్పేస్తాను. నాతో పోట్లాడకు.

నీ అక్క

* * *

చెల్లాయీ,

నువ్వు నోరు విప్పలేదు, ఆశ్చర్యం! నా గుట్టు రట్టు చేసింది నా చేతిపనే.

కాలు తీశాక వేసుకుందామని ఒక పైజామా కుట్టుకున్నాను, ఎడమకాలు మోకాలి దాకా కురచ చేసి. అది మా టైలరింగ్ కొట్లో ఇస్త్రీ బట్టల్లో కలిసిపోయింది. ఇస్త్రీ పని మీ బావదేగా. "ఇన్నేళ్లలో నీకు కొలత తప్పడం ఇదే మొదటిసారి. నొప్పితో కుట్టి ఉంటావు. ఏం పర్లేదు, నేను సరిచేశాలే" అన్నారు. గుండీలు కుట్టడం తప్ప ఏమీ రాని మనిషి, మధ్యాహ్నమంతా కూర్చుని అదే రంగు ముక్క వెతికి కాలు అతికించారు. అన్నీ వంకరటింకర కుట్లే. కుడికాలికంటే కాస్త పొడుగు కూడా అయింది. నాకు ఏడుపు ఆగలేదు. అసలు సంగతి చెప్పేశాను.

మీ బావ ఆ పైజామా మడతపెట్టి నా ఒళ్లో పెట్టారు. తర్వాత, "కాలు నీది, నొప్పి నీది. నువ్వెలా అంటే అలాగే" అన్నారు. బతిమాలి ఉంటే మొండికేసేదాన్ని. అలా అనేసరికి నాకే ఒక్కసారి చూద్దామనిపించింది.

ఇంజెక్షన్లు ఇచ్చారు. వారాల తరబడి ఏ తేడా లేదు. "నేను ముందే అన్నాను" అని మీ బావను సాధించాను కూడా. తర్వాత పాదం మెల్లగా వెచ్చబడింది. చిటికెనవేలు దక్కలేదు, తీసేశారు. మిగతా పాదం నిలిచింది. స్కానింగులో కొత్త నాళాలు దారప్పోగుల్లా కనిపించాయి. ఎంతకాలం పనిచేస్తాయో తనకూ తెలియదని డాక్టరమ్మ నిజమే చెప్పింది.

నిన్న రాత్రి మంచం మీద కాళ్లు బారచాపుకుని పడుకున్నాను. తెల్లారేసరికి మీ బావ నా భుజాలు పట్టుకుని కుదిపేస్తున్నారు, కళ్లనిండా నీళ్లు. రాత్రంతా నా మూలుగు వినపడకపోయేసరికి పోయాననుకున్నారట.

"బతికే ఉన్నాను, నన్ను పడుకోనివ్వండి" అని కసురుకుని అటు తిరిగి పడుకున్నాను.

నీ అక్క