పదమూడో నెల

గోపాలపట్నం,
14-08-2025, గురువారం.

శ్రీవారికి,

అనూరాధ నమస్కరించి రాస్తున్నది. గాజువాకలో వదినగారింట మీరూ అత్తయ్యగారూ క్షేమమని తలుస్తాను. ముందుగా నా దస్తూరీకీ తప్పులకీ మన్నించాలి. కాగితం మీద రాసి చాలా ఏళ్ళయింది. ఒక్కో ఒత్తు దగ్గర ఆగి ఆలోచించుకుంటున్నాను. ఎలా ఉన్నా చివరిదాకా చదవండి. మీరు ఫోను ఎత్తడం లేదు కాబట్టి, పక్కింటి దేవి అక్క వాళ్ళాయనతో మీరు పనిచేసే పోర్టు గేటుకి దీన్ని పంపుతున్నాను.

వంటింటి కుళాయి బాగుచేయించాను. మీ నీలం చొక్కా ఇస్త్రీ చేసి ఉంచాను. మీరు వెళ్ళి ఐదు రోజులు. ఆదివారం పెద్దల్ని కూర్చోబెట్టి నన్ను జాలరిపేట, మా పుట్టింటికి పంపేస్తామని అత్తయ్యగారు వీధిలో నిలబడి చెప్పి వెళ్ళారు. ఇంక మూడు రోజులే ఉన్నాయి.

శనివారం మీరు కెమేరా రికార్డరు తెరిచి, 07-08 పెట్టి నాకు చూపించిన వీడియోలో ఉన్నది నేనే. సంచి పట్టుకుని గేటు దాటి, హెల్మెట్ పెట్టుకున్న మనిషి బండి వెనక నవ్వుతూ ఎక్కుతున్నాను. మూలన 07-08-2025 అని ఉంది. ఏడో తారీఖు జొరమొచ్చి తొంగున్నానన్నావ్, ఫోనెత్తలేదు, మరిదేటి, ఈడెవుడు, ఆ మూలనేటి రాసుందో నువ్వే సదువు అని మీరు అరిచారు. మా అన్న తాతబాబు అన్నాను. మీ అన్న రెండో తారీఖునే వేటకెళ్ళిపోనాడని నువ్వే సెప్పినావు కదే అన్నారు. నిజమే, చెప్పాను. ఏడో తారీఖు నేను మంచం దిగలేదు. అయినా మిషను అబద్ధమాడదు కదా, జ్వరంలో నాకే మతి పోయిందేమో అనుకున్నాను. నిజంగానే అలా అనుకున్నాను.

నిన్న పొద్దున్న ఇల్లు ఊడుస్తూ కెమేరా బొమ్మ వచ్చే టీవీ వైపు చూశాను. గేటు కనబడుతోంది. మూలన 08-13-2025 అని ఉంది. చీపురుతో అలాగే నిలబడిపోయాను. పదమూడో నెల ఎక్కడిది? వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాను కూడా. ఈ మిషను నెలని ముందు రాస్తుంది, రోజుని తర్వాత రాస్తుంది. మీరు చూసింది ఆగస్టు ఏడు కాదండీ, జూలై ఎనిమిది.

ఆ రోజు మా అన్న కొత్త వలకి పూజ. మీరే వెళ్ళమన్నారు. వంజరం ముక్కలు మర్సిపోకు అన్నారు. తెచ్చి పులుసు పెడితే, మీ పేట సేప ముందు మా బజారు సేప చెప్పుముక్కే అని నవ్వారు. పోలీసులకి భయపడి అన్న అంతకుముందు వారమే హెల్మెట్ కొన్నాడు. వాడి పడవ ఇంకా ఒడ్డుకి రాలేదు. ఫోను కలవడం లేదు.

కెమేరాలు బిగించిన గురువులుకి ఫోను చేశాను. పరాయి మగాడికి నేను ఫోను చేయడం అదే మొదలు. ముప్పయ్యేడు రోజులకి డిస్కు నిండిపోద్దమ్మా, నిండితే పాతది సెరిపేసి దాని మీదే రాసేత్తాది, నీ జూలై ఎనిమిది రేపటికి ఉండదు అన్నాడు. రికార్డరు తెరవడానికి మీరు గీసే తాళం గుర్తు నాకు తెలుసు. అతను చెబుతుంటే జనరల్ అనే చోటికి వెళ్ళి, డిస్కు నిండితే ఏం చేయాలి అన్న గడిలో ఓవర్‌రైట్ తీసేసి స్టాప్ పెట్టాను. పాములాగ మెలికుంటాది సూడమ్మా, ఆ అచ్చరంతో మొదలయ్యే మాట నొక్కు అన్నాడు. నొక్కాను.

జూలై ఎనిమిది మిగిలింది. కానీ అప్పటినుంచి రికార్డింగే ఆగిపోయింది. నిన్న పదకొండు గంటల తర్వాత నేను ఎక్కడున్నానో చూపడానికి ఏమీ లేదు. ఆ సంగతి నొక్కాక తట్టింది. అందుకే పగలంతా దేవి అక్క అరుగు మీద, నలుగురి కళ్ళెదుట కూర్చుంటున్నాను. ఇలా ఎన్నాళ్ళు కూర్చోను?

తారీఖు వరస మాత్రం నేను ముట్టుకోలేదు. ముట్టుకుంటే నేనే ఏదో చేశానంటారు. ఆదివారం లోపు ఒక్కసారి రండి. గుమ్మంలోనే నిలబడి టీవీ మూల చూసినా చాలు. తర్వాత 08-07 పెట్టి చూడండి. పాలప్యాకెట్టు మధ్యాహ్నం దాకా గేటుకే వేలాడుతూ ఉంటుంది. పెద్దల ముందు నా గొంతు లేవదని మీకు తెలుసు. అక్కడ మీరు మాట్లాడకపోతే నా తరఫున మాట్లాడే మనిషే లేడు.

గేటు చప్పుడుకి చెవి ఒగ్గి ఉన్న
మీ అనూరాధ

తా.క.: ఒక నిజం దాచాను. బిగించిన రోజు గురువులు తెర చూపించి, తారీఖు ఇలగుంటే సరిపోద్దా, సదివి సెప్పమ్మా అన్నాడు. అంతా ఇంగ్లీషు. రాదనడానికి సిగ్గేసి తలూపేశాను. నేను పది పాసయ్యానని పెళ్ళిచూపుల్లో మావాళ్ళు చెప్పింది అబద్ధం. నేను చదివింది ఐదే. మీతో ఆడిన అబద్ధం అదొక్కటే, బండి మీద మనిషి కాదు. దానికి మీరు ఏ మాటన్నా పడతాను. కానీ మీరే అనాలి, పదిమందిలో కాదు. అత్తయ్యగారి కంట పడకముందే ఈ కాగితం కాల్చేయండి.