అత్తయ్యగారు, నా మొదటి పేషెంటు

అత్తయ్యగారూ,

అన్నం, కూర పొయ్యి పక్కనే మూతపెట్టి ఉంచాను. బీపీ మాత్ర తిన్నాకే వేసుకోండి. నేను డ్యూటీకి వెళ్తున్నాను, సాయంత్రానికి వచ్చేస్తాను.

నిన్న వృద్ధాశ్రమంలో ఒక ముసలి మేష్టారు నా చేత స్నానం చేయించుకోనని మొండికేశారు. "నిన్నమొన్నటిదాకా బస్సు తోలావట. నలభై ఆరేళ్లకి నర్సువయ్యావు, నీకేం తెలుసయ్యా?" అన్నారు. అప్పుడు మీరు గుర్తొచ్చారు.

"మా అత్తయ్యగారు కూడా మొదట్లో అల్లుడి చేత సేవలేంటని కసిరారండీ. ఆ తర్వాత నా చదువు కోసం రోజూ చెయ్యి చాపి బీపీ చూడనిచ్చారు. మంచం మీద మనిషిని నొప్పి తెలియకుండా పక్కకి తిప్పడం ఆవిడ నా కోసం పడుకుంటేనే నేర్చుకున్నాను" అన్నాను.

మేష్టారు పకపకా నవ్వి, "అత్తగారినే ఒప్పించావంటే నేనొక లెక్కా!" అంటూ చొక్కా బొత్తాలు విప్పుకున్నారు.

బస్సు మానేసిన రోజు "ముసలాళ్లకి ఊడిగం చేస్తావా?" అని మీరన్న మాట ఇన్నాళ్లూ ముల్లులా గుచ్చుకునేది. నిన్నటితో అది పోయింది. మీ రుణం తీర్చుకోలేను.

మర్చిపోయాను: అల్లుడికి అంత ఓపిగ్గా పాఠం చెప్పిన ఆవిణ్ణి చూడాలంటున్నారు మేష్టారు. ఆదివారం తీసుకెళ్తాను, రానని మాత్రం అనకండి.