తెల్ల అట్ట రికార్డు

పాంటిప్రిడ్,
6 మార్చి 1994

ప్రియమైన ఎమ్లిన్ అన్నయ్యకు,

నీ చెల్లెలు నెస్టా నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ అందరం క్షేమం. అబర్డీన్ చలిలో నువ్వూ, వదినా, పాపా కులాసాగా ఉన్నారని తలుస్తాను. మోకాళ్ళు తప్ప అమ్మ బాగానే ఉంది, నోరు మరీ బాగుంది. చేతులు పగులుతున్నాయన్నావని ఉన్ని తొడుగులు అల్లింది. రంగు గురించి మాట్లాడకుండా వేసుకో.

ఆ తెల్ల అట్ట రికార్డు ఇంకా ఉందా అని అడిగావు. ఉంది. అందులో పాడినాయన పేరు కనుక్కోమన్నావు. "మా పాటలన్నీ ఆయన దగ్గర కొట్టేసినవే, నాకంటూ సొంతం ఏముంది, అందుకే గిటారు అమ్మేశాను" అని రాశావు. ఆ మాట చదివి రెండు వారాలైంది. ఏ పని చేస్తున్నా అదే గుచ్చుతోంది.

నీకు పంతొమ్మిది, నాకు పదిహేను. కార్డిఫ్ నుంచి దాన్ని చంకలో పెట్టుకుని వచ్చావు. అట్ట మీద బొమ్మ లేదు, మనుషుల పేర్లు లేవు, మూలగా 'పాంట్రీ డోర్స్' అని బ్యాండు పేరు, అంతే. పెద్ద రికార్డు కదా అని నెమ్మదిగా తిరిగే వేగం మీద పెట్టావు. వేగంగా తిప్పేది చిన్న రికార్డుల్నే, ఊళ్ళో ఎవరైనా అలాగే పెడతారు. ఒక బేస్ గిటారు, ఒక చిన్న ఆర్గన్, డ్రమ్ముల్లేవు. ఒక స్వరం మోగి, ఇక అయిపోయిందనుకున్నాక ఇంకొకటి. ఆ ఖాళీలోంచి, నూతిలోంచి వచ్చినట్టు మగగొంతు. అప్పటిదాకా మనకు పాటంటే చెవులు చిల్లులు పడే అరుపులే. ఇంత తక్కువతో ఇంత చేయవచ్చా అనిపించింది నాకు. నువ్వు నేల మీద కూలబడ్డావు.

"వాయించంది విను నెస్టా, వాయించంది!" అన్నావు.

పాపం, మీ బ్యాండులో డ్రమ్ములు వాయించే గెథిన్ లబోదిబోమన్నాడు. "డ్రమ్ముల్లేని పాటేంట్రా? మరి నన్నేం చెయ్యమంటావ్, టీ కాయమంటావా?"

"కాయి. అదీ మెల్లిగా కాయి."

నెల తిరగకుండా మీరూ ఆ తీరులోనే పాటలు కట్టి గని కార్మికుల హాల్లో వాయించారు. ఆ రోజుల్లో మన కుర్రకారు మెచ్చుకోలంటే వేదిక మీదికి ఉమ్మడమే కదా. గెథిన్ గొడుగు తెచ్చుకున్నాడు కూడా. ఆ సాయంత్రం ఒక్కడూ ఉమ్మలేదు. రెండు వందల మంది కిక్కురుమనకుండా నిలబడ్డారు. టీ పోసే బెవన్ పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుని, "చర్చిలో కూడా నాకింత ఒళ్ళు జలదరించలేదే పిల్లా" అంది. నాకు కన్నీళ్ళు ఆగలేదు.

అసలు మాట ఇప్పుడు చెబుతున్నాను. ఆ రికార్డులో మగవాడు లేడన్నయ్యా.

హాల్లో వాయించడానికి వారం ముందు, దుమ్ము దులుపుతుంటే గుడ్డ తగిలి రికార్డు వేగం మార్చే మీట పక్కకు జరిగింది. చూసుకోకుండా రికార్డు పెట్టాను. ఆడపిల్ల! నా ఈడుదే, నాలాగే సన్నగొంతు, రాగాలు తీయడం రాదు, అయినా సిగ్గుపడకుండా పాడుతోంది. అదే దాని అసలు వేగం. పెద్దదే అయినా వేగంగా తిప్పాల్సిన రికార్డు అది. మనం నెమ్మదిగా తిప్పడం వల్లే ఆ గొంతు బరువెక్కి మగగొంతులా వినబడింది. ఆ పాటలు చురుగ్గా, గలగలా నడిచిపోతాయి.

చెబుదామని పరుగెత్తుకొచ్చాను. నువ్వు గెథిన్‌కు దెబ్బకూ దెబ్బకూ మధ్య ఎంతసేపు ఆగాలో నేర్పుతున్నావు. వెలిగిపోతున్న నీ ముఖం చూసి, చెప్పకుండానే వెనక్కి తిరిగాను. ఇంకో నిజం కూడా ఉంది. ఆ పిల్లను నాకే దాచుకోవాలనిపించింది. చెబితే "ఆడగొంతా!" అని నువ్వు నవ్వుతావు, నీ నవ్వును నేను నమ్మేస్తానని భయం. తర్వాత సిగ్గు. పధ్నాలుగేళ్ళు గడిచిపోయాయి. నేను నోరు మూసుకున్నందుకు నీ గిటారు పోయిందని ఇప్పుడే తెలిసింది. క్షమించమని అడగడానికి కూడా ముఖం చెల్లడం లేదు.

రికార్డు పంపుతున్నాను. సరైన వేగం మీద పెట్టి విను. మీ పాటల్లోని ఆ నెమ్మది అందులో ఎక్కడా లేదు. హాలంతటినీ నిలబెట్టిన ఆ ఖాళీ నువ్వు ఎవరి దగ్గరా కొట్టేసింది కాదు. నువ్వు పేరు అడిగిన మనిషి ఈ లోకంలో ఎవరూ లేరు, నువ్వు తప్ప.

నన్ను తిట్టాలనుంటుంది. తిట్టు. ముందు గిటారు కొనుక్కుని, ఆ తర్వాత తిట్టు.

ఇట్లు,
ఇన్నేళ్ళూ నోరు మెదపని నీ చెల్లెలు
నెస్టా