ఆ ఇంటి గురించి రెండు నిమిషాలు

పిన్నీ,

నువ్వు బాగున్నావనుకుంటూనే మొదలుపెడుతున్నాను, ఎందుకంటే నేను బాగాలేను. ఇది చదివి ఫోను చెయ్యకు. ఫోనులో చెప్పగలిగితే ఉత్తరం రాసేదాన్నే కాదు.

నా ఉద్యోగం నీకు తెలుసు కదా, నీ భాషలో చెప్పాలంటే ఎదుటివాళ్ళ చేత ఇంగ్లీషులో కబుర్లు చెప్పించి మార్కులు వేసే పని. చిన్న గది, ఒక బల్ల, రెండు కుర్చీలు, మాటలు రికార్డు చేసే పెట్టె. వచ్చినవాళ్ళకి ఒక కార్డు ఇస్తాను. నిమిషం ఆలోచించుకుని దాని మీద రెండు నిమిషాలు మాట్లాడాలి. ఏం విన్నా నా మొహంలో ఏమీ కనబడకూడదు.

ఏ కార్డు వస్తుందో ఎవరి అదృష్టం వాళ్ళది. పోయినేడాది ఒకావిడకి "మీకు నచ్చిన మ్యూజియం" వచ్చింది. ఆవిడ మ్యూజియంలో నేల తుడిచే మనిషి. తెరవకముందే వెళ్ళి, తెరిచేలోపు వచ్చేస్తుందట. బొమ్మల మీద అప్పటికింకా గుడ్డలు కప్పి ఉంటాయట. అంతే చెప్పి ఆగిపోయింది. తక్కువ మార్కులు వేశాను. ఆవిడ ఆగింది భాష రాక కాదు, ఆ సంగతి తెలియక. అది నాకు అప్పుడే అర్థమైంది, అయినా వేశాను.

ఇప్పుడు అసలు విషయం. మూడు వారాలుగా నా గదిలోకి వచ్చే ఆడవాళ్ళు మన ఇంటి గురించి మాట్లాడుతున్నారు. అందరూ రోగులకి సేవ చేసే ఉద్యోగాల కోసం ఈ పరీక్షకి వస్తున్నవాళ్ళే. నవ్వకు పిన్నీ. కూల్చేసి ఇరవయ్యేళ్ళు దాటిన ఇల్లు. పచ్చ తలుపు, విరిగిన మూడో మెట్టు, వాన పడితే బకెట్టు పెట్టే మూల, మెట్ల కింద చెక్క అలమర, అందులో ఒక మధ్యాహ్నమంతా ఉండిపోయిన ఎనిమిదేళ్ళ పిల్ల. మొదటామె చెప్పినప్పుడు ఇలాంటి ఇళ్ళు లోకంలో బోలెడు అనుకున్నాను. రెండో ఆవిడ అవే మాటల్లో చెప్పింది. భయం వేసి కార్డులు మార్చాను. ట్రాఫిక్ గురించి అడిగితే, మా వీధిలో బళ్ళు తిరిగేవి కావు, మా ఇంటికి పచ్చ తలుపు ఉండేది అని మొదలుపెట్టింది ఒకామె. ఆటల గురించి అడిగితే ఇంకొకామె దాగుడుమూతల మీదుగా అలమర దగ్గరికి వచ్చేసింది. ఏ కార్డు తీసినా వాళ్ళు ఆ ఇంట్లోకే నడిచి వెళ్తున్నారు, వాళ్ళ వెనకే నేనూ వెళ్ళాల్సి వస్తోంది.

నిన్న వచ్చినావిడకి యాభై దాటి ఉంటాయి. చెల్లికి బొటనవేలి గోరుతో చెక్క గీకే అలవాటు ఉండేదని చెప్పింది. అప్పుడు చూసుకున్నాను, నా గోరు బల్ల అంచుని గీకుతోంది. చెయ్యి మెల్లగా ఒళ్ళోకి తీసుకున్నాను.

అమ్మానాన్నా పోయాక ఆ ఇంట్లో మిగిలింది అక్కా నేనూ. నన్ను ఆ అలమరలో పెట్టి గడియ వేసింది అక్క. సాయంత్రం వచ్చి తీసింది నువ్వు. అప్పటికే అక్క నన్ను వదిలించుకుని వెళ్ళిపోయింది. మరుసటేడు జ్వరంతో పోయిందని చెప్పిందీ నువ్వే. పోయినవాళ్ళ మీద కోపం ఎక్కడ చూపించాలో తెలియక ఇన్నేళ్ళూ మింగలేక కక్కలేక బతికాను. మరి ఇవన్నీ వీళ్ళకెవరు చెప్పారు? నువ్వెవరితోనైనా అన్నావా?

నీ బుల్లి

*

పిన్నీ,

పని ఎక్కువై నాకు మతి పోతోందనీ, నాలుగు రోజులు సెలవు పెట్టమనీ రాశావు. నేనడిగినదానికి మాత్రం జవాబు లేదు.

సెలవు పెట్టలేదు, ఫిర్యాదు పెట్టాను. బట్టీ పట్టిన జవాబని అనుమానం వస్తే రాసి పంపాలన్నది మా నియమం. పదకొండు మంది మీద పంపాను. నియమం కోసం కాదు, వాళ్ళని ఆ ఇంట్లోంచి బయటికి గెంటడానికి. ఇకమీదట ఏ గదిలో ఎవరు ఆ ఇంటి మాట ఎత్తినా ఫలితం ఆపేస్తారు. వాళ్ళకి రాబోయే ఉద్యోగాలు పోతాయని తెలిసే పంపాను.

ఈ రోజు పన్నెండో ఆవిడ వచ్చింది. ఆసుపత్రి లాండ్రీలో పనిచేస్తుంది. అవే మాటలు, ఊపిరి తీసుకోవడం కూడా అవే చోట్ల. మిగతా అందరికీ అలమర దగ్గరికి వచ్చేసరికి రెండు నిమిషాలు అయిపోయేవి. ఈవిడ గబగబా మాట్లాడే మనిషి. ఇంకా ముప్ఫై సెకన్లు మిగిలాయి.

ఎవరో తలుపు కొట్టారట. అనాథ పిల్లల హోం వాళ్ళు, చేతిలో రిజిస్టరు. అందులో ఇద్దరు పిల్లలని ఉంది. పెద్దపిల్ల చెల్లెలిని అలమరలో పెట్టి గడియ వేసి, అప్పుడు వెళ్ళి తలుపు తీసింది. చిన్నది పిన్నితో వెళ్ళిపోయిందని చెప్పింది.

"ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్నాను," అంది లాండ్రీ ఆవిడ నా కళ్ళలోకి చూస్తూ. "నన్ను తీసుకెళ్ళండి."

ఆవిడ మాట్లాడింది ఇంగ్లీషులోనే. నాకు మాత్రం మన మాటల్లో, పద్నాలుగేళ్ళ పిల్ల గొంతులో వినిపించింది.

గంట మోగింది. ధన్యవాదాలు చెప్పి పంపెయ్యాలి. పంపలేదు. రికార్డు ఆపేసి, అడగకూడదని తెలిసీ, ఇదంతా ఎవరు నేర్పారని అడిగాను. లాండ్రీలోనే పనిచేసే ఒకావిడట. పని అయ్యాక వీళ్ళందరినీ కూర్చోబెట్టుకుంటుందట.

"చూడని సముద్రం గురించీ, ఎక్కని విమానం గురించీ అడుగుతారండీ, నోరు పెగలదు. అందుకని ఆవిడ తన ఇల్లు మాకిచ్చింది. ఇప్పుడు కళ్ళు మూసుకున్నా అందులో తిరగగలం," అంది.

ఈవిడ మీద ఫిర్యాదు పంపలేదు. అక్క బతికే ఉంది పిన్నీ. నీకు తెలుసా? ఈసారి తప్పించుకోకు.

బుల్లి

*

అక్కా,

ఈ పిలుపు నా నోటికి వచ్చి ఇరవై ఆరేళ్ళయింది. నీ చిరునామా పరీక్ష దరఖాస్తులోంచి తీసుకున్నాను. అదీ తప్పే.

పిన్ని రాసింది. నిన్ను హోం వాళ్ళు తీసుకెళ్ళారని ఆమెకి ఆ సాయంత్రమే తెలుసట. తన ఇంట్లో ఒక్కరికే చోటుందట. నువ్వు పోయావని చెబితే నీ గురించి అడగడం మానేస్తాననుకుందట. ఆమెని కడిగిపారేద్దామని కాగితం తీశాను, ఒక్క ముక్కా రాయలేకపోయాను. ఆ ఒక్కరి చోటులో పెరిగింది నేనే కదా.

ఫలితాలు ఆపినవాళ్ళ జాబితా ఈ రోజు వచ్చింది. పదకొండు పేర్లు నేను పంపినవి. పన్నెండోది పక్క గదిలో పరీక్షకి కూర్చున్నావిడది. నీ పేరు. ఎదురుగా పక్క గది పరీక్షకుడు రాసిన మాట: "అక్షరం పొల్లుపోకుండా అదే కథ. బట్టీ. సొంత అనుభవం కాదు."

నీ రికార్డు తెప్పించుకుని విన్నాను. నీకొచ్చిన కార్డు పడవ ప్రయాణం. నువ్వూ నీ ఇంట్లోకే వెళ్ళావు. వాళ్ళెవరూ ఆగని చోట ఆగావు. గడియ వేశాక నాలుగు సెకన్ల పాటు ఏ మాటా లేదు. చెక్కని గోరుతో గీకినట్టు ఒక చప్పుడు మాత్రం ఉంది. పెన్సిలేమో, కుర్చీయేమో అనుకున్నాను. నా చేతులు చూసుకున్నాను, కదలడం లేదు. నాలుగుసార్లు విన్నాను, నాలుగుసార్లూ ఉంది. నాకు భయం వేసింది, ఆ తర్వాత ఏడుపొచ్చింది.

రేపు పొద్దున కమిటీ ముందు కూర్చుంటున్నాను. ఆ పదకొండు మందీ బట్టీ పట్టారు, అది కాదనను. వాళ్ళకి పరీక్ష మళ్ళీ పెట్టమంటాను. మంచం మీది మనిషిని నొప్పి తెలియకుండా పక్కకి ఎలా తిప్పుతారో అడగండి, వాళ్ళ ఇంగ్లీషు అప్పుడు చూడండి అంటాను. ఒప్పుకుంటారో లేదో తెలియదు.

నీ సంగతి వేరు. అది నీ సొంత ఇల్లేనని రుజువు అడుగుతారు. ఇల్లు లేదు, ఫోటో లేదు. ఉన్నది నేనొక్కదాన్నే.

సాక్షి ఫారం ఇచ్చారు. అభ్యర్థికి మీరు ఏమవుతారు అని అందులో ఒక గడి ఉంది. సొంతవాళ్ళ పరీక్ష రికార్డు ముట్టుకోవడం మా ఉద్యోగంలో పెద్ద తప్పు. ఏమీ కానని రాస్తే నా ఉద్యోగం నిలబడుతుంది, నీ పరీక్ష పోతుంది. "చెల్లెలిని" అని రాశాను.

నీ బుల్లి