అమ్మ పై వరస

బెంగళూరు

ప్రియమైన నాయనకు,

నీ కూతురు సునీత ప్రభువు నామంలో వందనాలు చెప్పుకుంటూ రాస్తున్నది. నీ మోకాలి నొప్పి ఎలా ఉంది? తమ్ముడు, మరదలు, మేకలు అందరూ బాగున్నారని తలుస్తాను. నేను బాగానే ఉన్నాను, నా గురించి బెంగ వద్దు. ఇక్కడ రోజూ ముసురే. సాంబారులో కూడా బెల్లం వేస్తారు, నా నాలుకకు ఇంకా పడటం లేదు. పళ్ళ క్లిప్పులు తీసేశారు కాబట్టి మళ్ళీ సజ్జరొట్టె కొరకగలను, కానీ చేసిపెట్టే మనిషే లేదు. మరదలిని కాస్త కందిపొడి కొట్టి ఉంచమను.

ఆదివారం నువ్వు ఫోను పెట్టేశాక చాలాసేపు ఏడ్చాను. అందుకే ఈ ఉత్తరం. బైబిలు చదువుకున్నట్టే వేలు పెట్టి నిదానంగా చదువుకో.

అమ్మ జ్ఞాపకార్థ కూడికకు ఫ్లెక్సీ వేయించాలని తమ్ముడు ఇల్లంతా వెతికినా, అమ్మ నవ్వుతున్న ఫోటో ఒక్కటీ దొరకలేదు. కెమెరా కనబడితే చాలు, కొంగు నోటికి అడ్డం పోయేది కదా. "ఎత్తుపళ్ళోళ్ళం, ఫోటోలో నవ్వేదేందే" అని నన్నూ నవ్వనిచ్చేది కాదు. అమ్మ నోరే నాకొచ్చిందని ఊరంతా అంటారు కాబట్టి, మార్కాపురం ఫ్లెక్సీ దుకాణమతను నేను నవ్వుతున్న ఫోటో పంపమన్నాడట. మొన్న తీసుకున్నదే పంపాను. నా నోరు తీసి అమ్మ ముఖానికి అతికించాడు. తమ్ముడు నన్ను చివరిసారి చూసింది అమ్మను పూడ్చిననాడు, క్లిప్పులతో. నా పళ్ళ వరస ఇంతగా మారిందని వాడికి తెలియదు. నాకైనా తట్టాల్సింది.

అది చూసి ఫోనులో "ఈమె ఎవురో, మీ అమ్మ కాదు సునీతా. సమాధి కాడ పెట్టొద్దు" అన్నావు. నీ మీద నాకు కోపం లేదు నాయనా.

పళ్ళాసుపత్రి కౌంటర్లో కూర్చుంటాను కదా, ఎత్తుపళ్ళు సరిచేస్తానని డాక్టరమ్మే అంది, నాకూ ఆశే. అమ్మ నాకంటే సంబరపడింది. "చేయించుకో తల్లీ, నువ్వన్నా చెయ్యి అడ్డం పెట్టకుండా నవ్వు" అనింది. పూర్తయ్యేసరికి చూడటానికి తను లేదు. క్లిప్పులు తీసి డాక్టరమ్మ అద్దం ఇస్తే అక్కడున్నవాళ్ళంతా చప్పట్లు కొట్టారు. నేను మాత్రం అద్దంలో అమ్మ కోసం వెతుక్కున్నాను. తను పోయాక కూడా పొద్దున్నే పళ్ళు తోముకునేటప్పుడు కాస్త కనబడేది. ఇప్పుడు అదీ లేదు.

క్లిప్పులు వేసే ముందు అందరి పళ్ళకూ తెల్లటి అచ్చు తీస్తారు. ఆసుపత్రిలో పాత అచ్చులు పారేస్తుంటే నాది అడిగి తెచ్చుకున్నాను. పై వరసలో ఆ రెండు పళ్ళూ ముందుకొచ్చి, మధ్య సందుతో అలాగే ఉన్నాయి. నా చున్నీలో చుట్టి దీనితో పాటే పంపిస్తున్నాను. కిందపడితే పగులుతుంది, జాగ్రత్త. ఫ్లెక్సీకి మాత్రం కొంగు అడ్డం పెట్టుకున్న ఫోటోనే వేయించమను. అమ్మ అలాగే ఉండేది.

పాస్టరయ్యగారికి, పెద్దమ్మకు నా వందనాలు. నా కోసం ప్రార్థన చెయ్యి. కూడికకు సెలవు దొరికింది, వస్తున్నాను. బస్సు దిగాక నన్ను చూసి మాత్రం ఎవరని అడగొద్దు నాయనా.

నీ బిడ్డ,
సునీత