ఆయన పేరు ఏ వరుసలోనూ లేదు

6 నవంబరు 1966, ఆదివారం
వాన. చర్చిలో ఆరాధన అయినా ఎవరూ కదలలేదు. వచ్చే ఎలక్షన్లలో మన ఓట్లు మళ్ళీ మన ఎమ్మెల్యేగారికేనా అని ఒకటే చర్చ. సంఘపెద్ద దేవదానం మామ నా వైపు తిరిగి — "టీచరమ్మా, నెల్లూరు పోయి అసెంబ్లీ పుస్తకాలు చూసిరా. కౌలుదార్ల విషయంలో ఆయన ఏం చేసినాడో చెప్పు. దాన్నిబట్టి తేల్చుకుందాం." తలూపాను. ఎందుకు ఊపానో!

8, మంగళవారం
మా శామ్యూలన్న వచ్చాడు. పొలం ఆసామి ఈ ఏడు నారు పోయొద్దన్నాడట. నాన్న కాలం నుంచి కౌలుకు చేస్తున్న మడి... "కౌలుదారుణ్ణి లేపకూడదనే సవరణ అసెంబ్లీలో నెగ్గుంటే ఈ మాట అనేవాడా మే? మన ఎమ్మెల్యే ఒక్కడే మనకోసం గట్టిగా మాట్లాడినాడంట." నవ్వుతూనే అన్నాడు. అన్నం మాత్రం ముట్టలేదు.

12, శనివారం
నెల్లూరు లైబ్రరీ. ముందు ఆయన ఉపన్యాసం దొరికింది. ఎంత బాగా మాట్లాడారు! దున్నేవాడి కాళ్ళ కింద నేల లాగొద్దన్నారు. కళ్ళు చెమర్చాయి. పేజీ తిప్పితే ఓటింగ్. అనుకూలం — పేర్లు. వ్యతిరేకం — పేర్లు. తటస్థం — పేర్లు. ఆయన పేరు ఏ వరుసలోనూ లేదు. వేలు పెట్టి మళ్ళీ చదివాను. లేదు. మాట్లాడి, ఓటు వేళకు బయటికి నడిచారన్నమాట.
కౌలు మీద ఓటింగ్ జరిగిన ప్రతిసారీ ఇదే తంతు. ఎయిడెడ్ బడుల గ్రాంటు వచ్చిన రోజు మాత్రం ఉన్నారు — అనుకూలం. నా జీతం అందులోదే. ఈ ఉద్యోగం ఇప్పించిందీ ఆయనే. ఒళ్ళు మండుతోంది. ఎవరి మీదో తెలియదు.

13, ఆదివారం
చర్చికి పోలేదు. తలనొప్పి అని చెప్పి పంపాను.

15, మంగళవారం
మామకు చెప్పాను. "మాట్లాడినాడా?" మాట్లాడారు. "కాదన్నోళ్ళలో ఉండాడా?" లేరు. "ఇంకేం! ఒప్పుకున్నట్టే గదా." మా సంఘంలో లెక్క అది. కాదనేవాళ్ళే లేచి నిలబడతారు. కూర్చున్నవాళ్ళూ, మధ్యలో బయటికి పోయినవాళ్ళూ ఔనన్నట్టే. అసెంబ్లీలో అలా కాదు మామా, లేనివాణ్ణి ఎటూ కలపరు అన్నాను. "నువ్వు జాస్తిగా చదివేస్తావమ్మా..."

18, శుక్రవారం
అన్నకు చెప్పాలి. చెప్పలేదు.

20, ఆదివారం
మామ లేచాడు. "టీచరమ్మ చూసొచ్చింది. ఎమ్మెల్యేగారు మన పక్కనే ఉండాడు." నేను అలా చెప్పలేదు! "ఓట్లు మళ్ళీ ఆయనకే. కాదనేవాళ్ళు లేచి నిలబడండి."
శామ్యూలన్న నన్నే చూస్తున్నాడు. కుచ్చిళ్ళు సర్దుకున్నాను — లేవడానికే. ముందు వరుసలో మా బడి నడిపే కరస్పాండెంటుగారు, ఎవరు లేస్తారా అని వెనక్కి తిరిగి చూస్తున్నారు. కూర్చునే ఉన్నాను. ఎవరూ లేవలేదు. "అందరూ ఒప్పుకున్నట్టే" అన్నాడు మామ. అందులో నేనూ ఉన్నాను.
బయట అన్న నా చెయ్యి పట్టుకున్నాడు. "నువ్వే చూసొచ్చినావంటే నాకింక భయంలేదు మే. ఆయన మన పక్కనుంటే ఆసామి ఏం చేస్తాడు? విత్తులు నానేసే ఉండా. రేపు నారు పోస్తా." చెయ్యి విడిపించుకుని ఇంటికి వచ్చేశాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

21, సోమవారం
వాన తెరిపి ఇచ్చింది. అన్న ఈపాటికి బయలుదేరే ఉంటాడు. పరుగెత్తి పోతే విత్తులు చల్లకముందే అందుకోవచ్చు... బడి గంట కొడుతున్నారు. మడికి పోయే దారి మా బడి ముందు నుంచే.