సీసా అడుగున తెల్లటి మడ్డి

హాన్షౌ

చున్‌తావ్‌కి,

ఈ ఉత్తరం రాయకుండా వదిలేద్దామనే అనుకున్నాను, రోజూ ఫోనులో మాట్లాడుకుంటున్నాం కదా అని. కానీ నువ్వు "తాబేళ్ళెలా ఉన్నాయి?" అనగానే "బాగున్నాయి" అని నా నోరు దానంతటదే అనేస్తోంది. కలానికి ఆ అలవాటు లేదు. ఇక్కడ నేను క్షేమం. 'అందరం' అని రాయబోయి ఆగాను.

పాప ఫొటోతో పంపిన చీటీలో అడిగావు, సోయా పాల మిక్సీ వాడుతున్నానా అని. వాడాను. పాలకి కాదు.

నువ్వు అమ్మాయి పురిటికి వెళ్ళిన పదో రోజున పక్కన జెంగ్ చెరువులో మెడవాపు జబ్బు దిగింది. మన చెరువులోనూ మూడు పోయాయి. వెనకటి పశువుల డాక్టరు నేర్పిన టీకా నీకు తెలుసుగా: చచ్చినవాటి కాలేయం ఉప్పునీళ్ళతో రుబ్బి, వడగట్టి, ఫార్మలిన్ కలిపి రెండ్రోజులు వెచ్చగా ఉంచితే అందులో జబ్బు చస్తుంది, అప్పుడు తొడకి పొడవాలి. (ఆయనకి సూదంటే ఎంత భయమో! జ్వరమొస్తే మంచం కింద దూరేవాడు. సరే, అది వేరే కథ.)

నీ మిక్సీలోనే రుబ్బి అదే తయారుచేశాను. పొడిచేటప్పుడు జెంగ్ తాబేళ్ళని పట్టుకున్నాడు.

"ముందు నాలుగింటికి పొడిచి వారం ఆగవయ్యా షౌచెంగ్."

"వారంలో నీ చెరువు జబ్బు నా చెరువంతా పాకుతుంది."

"మీ ఆవిడ ఊళ్ళో లేకపోతే చాలు, నీకు డాక్టరీ పూనుతుంది."

"మాటలాపి గట్టిగా పట్టుకో. అది కరిచి నీ వేలు పోతే మీ ఆవిడ నన్నంటుంది."

మేలైనవాటికే ముందు అనుకున్నాను. అమ్మాయి పుట్టిన ఏడు నువ్వు ఒక్కొక్కటీ ఏరి పెంచిన తల్లి తాబేళ్ళు, నలభై రెంటికీ పొడిచాను.

నాలుగో రోజు పొద్దున చేపముక్కలు తీసుకెళితే, నా అడుగుల చప్పుడుకి ఒక్కటీ నీళ్ళలోకి దూకలేదు. ఎండకాగే చెక్కమీద మెడలు బారచాపి, ఎర్రగా ఉబ్బి చచ్చి పడున్నాయి. ముప్పై ఎనిమిది.  జెంగ్ వచ్చి నా చేతిలోంచి చేపల బకెట్టు తీసుకున్నాడు. అన్నిటికీ వేళాకోళమాడేవాడు, వాటిని ఒక్కొక్కటే ఏరి ఒడ్డున పెట్టాడు. 

జెంగ్ చెరువు నీళ్ళవల్లే పోయాయని ఊరంతా చెప్పాను. అతనూ నమ్మాడు. తన చేపలే తెచ్చి మిగిలిన నాలుగింటికి వేస్తున్నాడు.

నీళ్ళు కాదు, చున్‌తావ్. ఫార్మలిన్ సీసా పాతది. అడుగున తెల్లటి మడ్డి కట్టింది. మడ్డి కడితే పస పోయినట్టేనని నాకు తెలుసు. చూశాను. కొత్తది తేవాలంటే టౌనుకి పూట ప్రయాణం. సీసా కుదిపి పోసేశాను. జబ్బు చావలేదు, నా చేత్తోనే వాటికెక్కించాను.

పాపకి నెల నిండేదాకా నువ్వు కదలకు. నన్నేమనాలో వచ్చాక అను.

ఇందాక జెంగ్‌కీ చెప్పాను. విన్నాడు. తెచ్చిన చేపలు నాలుగింటికీ వేసి, చేతులు కడుక్కుని ఇంటికెళ్ళాడు.

ఇట్లు,
నీ మనవరాలి తాత,
షౌచెంగ్